పాత కారు ఇంజన్ బేరింగులు: ఇంటి దగ్గర ఎంతవరకు?

ఇంజన్‌లో పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటాయి. ఆ ఆటను గుండ్రటి తిరుగుడుగా మార్చి చక్రాలకు పంపేది క్రాంకు షాఫ్టు. క్రాంకు బ్లాకులో కూర్చుని తిరిగే చోట ఉండేవి మెయిన్ బేరింగులు. పిస్టన్ నుంచి దిగిన కనెక్టింగ్ రాడ్డు క్రాంకును పట్టుకునే చోట ఉండేవి బిగ్ ఎండ్ బేరింగులు. బేరింగు అనగానే సైకిల్ చక్రంలోని గోళీలు గుర్తుకొస్తాయి కానీ, మామూలు కారు ఇంజన్‌లో ఈ రెండు చోట్లా గోళీలు ఉండవు. అర్ధవృత్తంగా వంచిన రెండు పలుచటి రేకులు ఎదురెదురుగా కూర్చుని క్రాంకును చుట్టుకుని ఉంటాయి. మెకానిక్కులు వాటిని షెల్లులంటారు.

చంద్రశేఖరపురం, పామూరు, కనిగిరి దారుల్లో ఇప్పటికీ తిరిగే పాత కార్లలో పెద్దది అంబాసిడర్. హిందుస్థాన్ మోటార్స్ కంపెనీ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుంచి 2014 వరకు దాన్ని తయారుచేసింది. చాలా ఏళ్లపాటు అందులో వచ్చినది బ్రిటన్‌లో పుట్టిన బి-సిరీస్ ఇంజన్, 1489 సీసీ. నాలుగు సిలిండర్లు, మూడు మెయిన్ బేరింగులు. అంటే బిగ్ ఎండ్‌లకు ఎనిమిది షెల్లులు, మెయిన్లకు ఆరు, మొత్తం పద్నాలుగు. 1089 సీసీ ప్రీమియర్ పద్మినికీ లెక్క ఇదే. మారుతి 800కు మూడు సిలిండర్లు, నాలుగు మెయిన్లు కాబట్టి లెక్క మళ్లీ పద్నాలుగుకే వస్తుంది. ఈ మూడింటిలో కింద పడుకుని పానా పట్టేవాడికి బాగా సహకరించేది అంబాసిడరే. ఇనుప బ్లాకు, దిట్టమైన క్రాంకు, చెయ్యి పట్టేంత చోటు ఉంటాయి. అందుకే ఇక్కడ వివరమంతా ఆ బి-సిరీస్ పెట్రోలు ఇంజన్‌ను దృష్టిలో పెట్టుకుని సాగుతుంది. మిగతా ఇంజన్లలో కొలతలు మారతాయి, పద్ధతి మారదు.

నూనె మోసే బరువు

బాగున్న ఇంజన్‌లో క్రాంకు షెల్లుకు తగలనే తగలదు. రెంటికీ మధ్య నూనె పొర ఉంటుంది. 1883లో బ్రిటిష్ ఇంజనీరు బోషాంప్ టవర్ రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ ఒక బేరింగు పైభాగాన నూనె పోయడానికి రంధ్రం పెట్టాడు. ఇరుసు తిరగడం మొదలవగానే నూనె లోపలికి దిగడానికి బదులు ఆ రంధ్రంలోంచి పైకి ఉబికింది. బిరడా కొట్టాడు, అదీ ఎగిరిపోయింది. చివరికి గేజి బిగించి చూస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటింది. తిరిగే ఇరుసు తనంతట తానే నూనెను సన్నటి సందులోకి ఈడ్చుకుని, ఆ ఒత్తిడి మీద తేలుతోందని అలా తెలిసింది. తడి తారురోడ్డు మీద వేగంగా పోయే టైరు నీటి పొర మీద తేలడంలో ఉన్నదీ ఇదే సూత్రం. 1886లో ఆస్బర్న్ రెనాల్డ్స్ దీనికి లెక్క కట్టి చూపించాడు. ఇంజన్ బేరింగులన్నీ ఆ లెక్క మీదే నిలబడ్డాయి.

ఇందులోంచి మరమ్మతుకు పనికొచ్చే రెండు సంగతులు బయటపడతాయి. ఆయిల్ పంపు చేసే పని సందుకు నూనె అందించడం వరకే. బరువు మోసే ఒత్తిడి తిరుగుడు వల్ల పుడుతుంది. కాబట్టి క్రాంకు నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ బరువు లాగేటప్పుడు పొర పలుచబడుతుంది. రెండోది, సందు కొలత. షాఫ్టు వ్యాసంలో ప్రతి అంగుళానికీ అంగుళంలో వెయ్యో వంతు సందు ఉండాలన్నది పాత లెక్క. ఆ వెయ్యో వంతునే లేత్ పనివాళ్లు ఒక థౌ అంటారు. బి-సిరీస్‌లో మెయిన్ జర్నల్ (మెయిన్ బేరింగులో తిరిగే క్రాంకు భాగం) వ్యాసం 2 అంగుళాలు, క్రాంక్ పిన్నుది (రాడ్డు పట్టుకునే భాగం) దాదాపు 1.88. అంటే ఉండాల్సిన సందు సుమారు రెండు థౌలు, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అది రెట్టింపయిందంటే నూనె పక్కలకు కారిపోతుంది, పొర నిలవదు, లోహానికి లోహం తగులుతుంది.

తగిలినా క్రాంకు పాడవకూడదనే షెల్లు ముఖం మీద మెత్తటి లోహం పూస్తారు. ఈ ఆలోచన పాతది. 1839లో అమెరికాలో ఐజాక్ బాబిట్ తగరం, ఆంటిమొనీ, రాగి కలిసిన మిశ్రమం వాడిన బేరింగుకు పేటెంటు పొందాడు. మన షెడ్లలో వైట్ మెటల్ అనేది ఆ రకం లోహాన్నే. బావుల దగ్గర ఆయిలింజన్లు కొట్టుకునే రోజుల్లో మెకానిక్కులు ఈ లోహాన్ని కరిగించి పోసి, చల్లారాక స్క్రేపరుతో గీకి గీకి షాఫ్టుకు అమర్చేవాళ్లు. అది చేతి నేర్పు మీద నడిచిన విద్య. కార్లలో 1930ల నుంచి ఆ పని తగ్గుతూ వచ్చింది. ఉక్కు వీపు, దాని మీద రాగి-సీసం పొర, అన్నిటికన్నా పైన చాలా పలుచగా మెత్తటి పూత ఉన్న షెల్లులు ఫ్యాక్టరీలోనే కొలతకు తయారై వచ్చాయి. మన దేశంలో వీటి తయారీకి పేరున్న బైమెటల్ బేరింగ్స్ కంపెనీ 1961లో పుట్టింది. దాని ఫ్యాక్టరీ కోయంబత్తూరులో ఉంది. కొలతకే తయారైన షెల్లును గీకడం, రుద్దడం చేయరాదు. పాత వైట్ మెటల్ అలవాటుతో ఇప్పటికీ కొందరు ఎమరీ కాయితం తీసుకుంటారు. ఆ ఒక్క పనితో పైపూత మొత్తం పోతుంది.

అరుగుదలకు మూలం

బేరింగు ఊరికే అరగదు. వెలికొండల పాదాల దగ్గరి ఈ ప్రాంతంలో దానికి ముఖ్యమైన మూలం నీళ్లు. ఫ్లోరైడ్‌తో పేరుపడిన కనిగిరి చుట్టుపక్కల చాలాచోట్ల బోరు నీళ్లు గట్టివి, కాచిన గిన్నె అడుగున తెల్లగా పొర కట్టేవి. అవే రేడియేటర్లో ఏళ్ల తరబడి పోస్తే సన్నటి గొట్టాల్లోనూ బ్లాకు లోపలి నీటి దారుల్లోనూ అదే పొర పేరుకుంటుంది. ఎండాకాలం 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఇంజన్ కాగిపోతుంది. హెడ్డు ప్యాకింగు దెబ్బతింటుంది. నీళ్లు ఇంజన్ అడుగున నూనె నిలిచే చాంబరులోకి దిగి నూనెతో కలుస్తాయి, పొర తెగుతుంది. బేరింగులు పోయాయని వచ్చిన కారుకు అసలు రోగం రేడియేటర్లో ఉండటం ఇలాగే. షెల్లులు మార్చి రేడియేటర్ని వదిలేస్తే కొత్త షెల్లులకూ అదే గతి. ఊళ్లో వాటర్ ప్లాంటు నీళ్లు తెచ్చి కూలెంట్ కలిపి పోయడానికి అయ్యే ఖర్చు క్రాంకు గ్రైండింగ్ ముందు లెక్కలోది కాదు.

తర్వాతిది ఘాటు దారి. గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల ఎక్కేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని గేరు తగ్గించకుండా టాప్ గేర్లోనే ఈడ్పించే అలవాటు చాలామందికి ఉంది. నెమ్మది తిరుగుడు, నిండు బరువు: పొర పలుచబడేది సరిగ్గా అప్పుడే. ఇక దుమ్ము, ఏళ్లు మార్చని నూనె, నెలల తరబడి పందిరి కింద నిలబెట్టిన బండి. నిలిచిపోయిన నూనెలో చెమ్మ చేరి ఆమ్లం పుడుతుంది, అది పైపూతను తింటుంది. కార్బురేటర్ పొంగి పెట్రోలు చాంబరులోకి దిగే బండిలో నూనె పలుచబడి కూడా ఇదే జరుగుతుంది. కొలపుల్ల తీసి వాసన చూస్తే ఆ సంగతి బయటపడుతుంది.

చెవికి, గేజికి తెలిసేది

బిగ్ ఎండ్ వదులైతే వినిపించేది చిన్న సుత్తితో ఇనుము మీద కొట్టిన టకటక. ఇంజన్ కాగాక, నిమిషానికి 2000 చుట్ల దగ్గర యాక్సిలరేటర్ కొద్దిగా వదిలిన క్షణంలో అది బాగా తేలుతుంది. మెయిన్ బేరింగు శబ్దం వేరు. లోతుగా, మొద్దుగా, ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్ల కింద దడదడలాడుతుంది. వాల్వుల కటకటతో వీటిని కలిపేసుకోకూడదు. అది పైనుంచి, క్రాంకు వేగంలో సగం వేగంతో వస్తుంది. ఏ సిలిండరుదో పట్టుకోవడానికి పాత చిట్కా ఒకటుంది. ఇంజన్ నడుస్తుండగా, పిడికి ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవరుతో ఒక్కో ప్లగ్గు తలను ఇంజన్ లోహానికి తాకించాలి. ఆ సిలిండరులో మంట ఆగిపోతుంది. ఏ ప్లగ్గు దగ్గర టకటక మెత్తబడితే బిగ్ ఎండ్ దానిది.

చెవి ఒక్కదాన్నే నమ్మి చాంబరు విప్పడం తొందరపాటు. డ్యాష్‌బోర్డు లైటు పూర్తిగా ఒత్తిడి పడిపోయాక గానీ వెలగదు. ఆయిల్ స్విచ్ తీసేసి ఆ చోట ముల్లు గేజి బిగించి చూడాలి. బాగా కాగిన బి-సిరీస్ ఇంజన్‌లో ఐడిలింగు మీద చదరపు అంగుళానికి 15 పౌండ్లు, రోడ్డు వేగంలో 50 దగ్గర ఉంటే ఆరోగ్యమే. కాగాక ఐడిలింగు మీద ముల్లు అడుక్కు వాలుతోంది, పైగా టకటక కూడా ఉందంటే ఇక విప్పాల్సిందే. శబ్దం లేకుండా ఒత్తిడి మాత్రం తక్కువగా ఉంటే ముందు ఆయిల్ పంపును, రిలీఫ్ వాల్వును అనుమానించాలి. గేజి చూపిన అంకెలు ఒక కాయితం మీద రాసి పెట్టుకోవాలి, పని అయ్యాక పోల్చుకోవడానికి.

టకటక మొదలైన బండిని ఊరి దాకా ఎలాగోలా తీసుకుపోదామనుకోవడమే అన్నిటికన్నా ఖరీదైన నిర్ణయం. మొదటిరోజు షెల్లులతో పోయేది, నడిపితే క్రాంకుకు వస్తుంది. ఇంకా నడిపితే షెల్లు లోపల తిరిగి రాడ్డుకు, చివరికి రాడ్డు విరిగి బ్లాకుకు.

కిందినుంచి విప్పడం

ఇంటి దగ్గర పని అంటే ఇంజన్ దించకుండా, కారు కిందినుంచి చాంబరు విప్పి షెల్లులు మార్చడం. దానికి మొదటి షరతు కారు నిలబడే తీరు. ఇటుకల మీద కారు పెట్టకూడదు. బరువు పడ్డ ఇటుక చెప్పకుండా పగులుతుంది. విడిగా పేర్చిన రాళ్లూ అంతే, జారతాయి. గట్టి నేల మీద ఇనుప స్టాండ్లు, అవి లేకపోతే అడ్డదిడ్డంగా పేర్చిన మందపాటి మొద్దు చెక్కలు ఉండాలి. వెనక చక్రాలకు అడ్డం పెట్టాలి. జాకీ ఎత్తడానికే, దాన్ని నమ్మి కింద దూరకూడదు. బ్యాటరీ వైరు తీసెయ్యాలి.

నూనెను వేడిగా ఉన్నప్పుడే డబ్బాలోకి దించాలి. ఆ నూనె నేల మీద పోయకూడదు, బావి ఛాయలకు అసలే రానివ్వకూడదు. చర్మానికి కూడా మంచిది కాదు. మూతపెట్టి, పాత నూనె సేకరించే షెడ్డుకు ఇవ్వాలి. డబ్బా అడుగున చేరిన మడ్డిని తెల్ల గుడ్డ మీద వడకట్టి ఎండలో చూస్తే చాలా తెలుస్తుంది. వెండి పొడిలా మెరిసేది షెల్లు పైపూత. రాగి రంగు రేణువులుంటే పూత అరిగి లోపలి పొర బయటపడిందని. అయస్కాంతానికి అంటుకునే నూకలు ఇనుము. అవి కనబడితే క్రాంకు మీద ఆశ తగ్గించుకోవాలి.

చాంబరు బోల్టులన్నీ తీశాక కింద ఏదైనా అడ్డొస్తే ఇంజన్ మౌంటింగులు వదులుచేసి కాస్త పైకి లేపాల్సి వస్తుంది. చాంబరు దిగాక నూనె పీల్చే జల్లెడ, దాని వెనక రాడ్డుల క్యాపులు కనబడతాయి. బి-సిరీస్ రాడ్డు చివర అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోసి ఉంటుంది, పిస్టన్‌తో సహా సిలిండరులోంచి పైకి తీయడానికి వీలుగా. ఏ క్యాపు ఏ రాడ్డుదో దానికే, అదే వైపు తిరిగి కూర్చోవాలి. నంబర్లు చెక్కి ఉంటాయి. లేకపోతే విప్పే ముందే గుర్తు పెట్టాలి. ముందు నుంచి హ్యాండిల్ పెట్టి తిప్పుతూ రెండేసి రాడ్డులు కిందికి వచ్చినప్పుడు ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోవాలి. అన్నీ ఒకేసారి విప్పి తట్టలో పోసుకుంటే ఎంత అనుభవమున్నవాడికైనా తికమకే.

షెల్లు చెప్పే కథ

తీసిన షెల్లులను వరసగా, పైది పైనా కిందిది కిందా, గుడ్డ మీద పేర్చాలి. ఈ పనిలో ఇంతకన్నా విలువైన అరగంట లేదు. రాడ్డులో మంట దెబ్బ తినేది పై షెల్లు, మెయిన్లలో కిందిది. ఆ వైపు ఎక్కువ అరగడం సహజం. అన్ని షెల్లులూ సమానంగా బూడిద రంగు పోయి మధ్యలో రాగి రంగు తేలితే అది వయసు. సన్నటి గీతలు గుండ్రంగా పరుచుకుని ఉంటే దుమ్ము. ఎయిర్ ఫిల్టరు, నూనె మార్పు చూసుకోవాలి. రాడ్డు పై షెల్లులు మాత్రమే నలిగి మెరుస్తుంటే టాప్ గేర్లో ఈడ్పించిన బండి. ఎండిన చెరువు అడుగులా నెర్రెలు పట్టి పెచ్చులు లేస్తే లోహం అలసిపోయింది. నల్లబడి చిన్న చిన్న గుంటలు పడితే నీళ్లు, ఆమ్లం. ఒక్క రాడ్డు షెల్లులే ఎదురెదురు మూలల్లో అరిగితే ఆ రాడ్డు వంగింది, కొత్త షెల్లు దాన్ని నిలబెట్టలేదు.

తర్వాత క్రాంక్ పిన్ను. నూనె తుడిచి గోరు అడ్డంగా జరిపితే ఎక్కడా పట్టకూడదు. రాగి నాణెం అంచుతో గట్టిగా రుద్దితే, పైకి నున్నగా కనిపించే జర్నల్ కూడా గరుకుగా ఉంటే రాగి చార అంటుకుంటుంది. ఆపైన మైక్రోమీటరుతో కొలత. ఒకే చోట నిలువునా, అడ్డంగా. మళ్లీ ఈ చివర, ఆ చివర. నిలువుకూ అడ్డానికీ తేడా ఒక థౌ దాటితే పిన్ను గుండ్రంగా లేదు. రెండు చివర్లకూ తేడా వస్తే ఏటవాలుగా అరిగింది. మైక్రోమీటరు చదవడం రానివాళ్లు దగ్గర్లోని లేత్ షాపు మనిషిని ఒక పూటకు పిలిపించుకోవడం మంచిది. ఈ పని మొత్తంలో ఊహతో నెట్టుకు రాకూడని చోటు ఇదొక్కటే.

ఇంటి పనికి హద్దు పడేదీ ఇక్కడే. పిన్నులు గుండ్రంగా, నున్నగా, కొలతలో ఉంటే అదే సైజు షెల్లులు వేసి ఇంటి దగ్గరే ముగించవచ్చు. గీత పడినా, గుండ్రం తప్పినా క్రాంకు దించి గ్రైండింగ్‌కు పంపాల్సిందే. ఒంగోలు, నెల్లూరు, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల దీనికి పెద్ద యంత్రాలుంటాయి. 10 థౌలు కోసిన క్రాంకుకు టెన్ సైజు, 20 కోస్తే ట్వంటీ సైజు, అలా 40 వరకు షెల్లులు దొరుకుతాయి. టెన్ సైజు అంటే ఒక్కో షెల్లు మందం ఐదు థౌలు పెరిగిందని అర్థం. గ్రైండింగ్ నుంచి వచ్చిన క్రాంకులోని నూనె దారుల్లో ఇనుప రజను ఉంటుంది. తీగ దూర్చి, కిరోసిన్ కొట్టి, గాలి పట్టించి కడగకుండా బిగిస్తే కొత్త షెల్లులు మొదటి గంటలోనే పోతాయి. ఇంత ఖర్చెందుకు, వేరే ఇంజనే కూర్చోబెడదామనుకునేవాళ్లకు ఒక మాట: ఇంజన్ నంబరు మారితే ఆర్‌సీలో రాయించాలి. 15 ఏళ్లు దాటిన కారు ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు వెళ్లినప్పుడు ఆ నంబరునే చూస్తారు.

క్యాపును ఆకురాయితో అరగదీసి సందు తగ్గించడం, షెల్లు వెనక రేకు ముక్క పెట్టడం కొన్ని షెడ్లలో ఇప్పటికీ ఉన్న పనులు. టకటక ఆగినట్టే ఉంటుంది. క్యాపు అరిగితే రంధ్రం గుండ్రం తప్పుతుంది, ఆ రాడ్డు ఇక ఏ షెల్లుకూ పనికిరాదు. రేకు పెడితే షెల్లు వేడి రాడ్డుకు దిగదు. అమ్ముకునే బండికి చేసే పనులివి. ఇంట్లో మనుషులు ఎక్కే బండికి చేయకూడదు.

కొలిచి, కూర్చోబెట్టి

షెల్లు కొనే ముందు పాతదాని వీపు మీది అక్షరాలు చదవాలి. స్టాండర్డ్ అనో, 010 అనో, 020 అనో ఉంటుంది. అంతకుముందు ఎవరో ఒకసారి గ్రైండింగ్ చేయించి ఉంటే ఆ సంగతి చెప్పేది ఆ అంకే. వీపు మీద ఏమీ లేకపోతే మైక్రోమీటరు అంకెతోనే దుకాణానికి వెళ్లాలి. మారుతి లాంటి సుజుకీ ఇంజన్ల మెయిన్ షెల్లుల్లో స్టాండర్డ్‌లోనే మందం తేడాలుంటాయి, వాటిని రంగు గుర్తులతో చెబుతారు. ఆ రంగు చూడకుండా తెచ్చిన సెట్టు సరిపోకపోవచ్చు.

కొత్త షెల్లు కూర్చోబెట్టేటప్పుడు దాని వీపు, రాడ్డు లోపలి వైపు పొడిగా, మరకలేకుండా ఉండాలి. వీపుకు నూనె రాయకూడదు. షెల్లు అంచున ఉన్న చిన్న చెవి గాడిలో పడాలి. కూర్చున్న షెల్లు అంచు రాడ్డు కన్నా వెంట్రుకవాసి పైకి ఉంటుంది. అది తప్పు కాదు. క్యాపు బిగిస్తే ఆ మిగులే షెల్లును లోపల నొక్కి తిరగకుండా పట్టుకుంటుంది.

సందు తేల్చడానికి చవకైన సాధనం ప్లాస్టిగేజ్ అనే మైనపు దారం. ఆకుపచ్చ కవరులో వచ్చేది ఒకటి నుంచి మూడు థౌల సందుకు. నూనె తుడిచిన పిన్ను మీద వెడల్పు పొడుగునా ఒక ముక్క పెట్టి, క్యాపు వేసి, మాన్యువల్ చెప్పిన బలానికి టార్క్ రెంచితో బిగించాలి. ఆ సమయంలో క్రాంకు ఒక్క రవ్వ కూడా తిరగకూడదు. మళ్లీ విప్పితే దారం అప్పడంలా నలిగి ఉంటుంది. దాని వెడల్పును కవరు మీది గీతలతో పోలిస్తే సందు ఎన్ని థౌలో తెలిసిపోతుంది. ఎంత వెడల్పు నలిగితే సందు అంత తక్కువ. ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా ఉంటే పిన్ను ఏటవాలుగా ఉన్నట్టు. మెయిన్లకు ఈ కొలత కింద పడుకుని తీస్తే మోసం చేస్తుంది. క్రాంకు తన బరువుకు కిందికి వేలాడుతుంది కాబట్టి సందంతా పైనే ఉండిపోతుంది. చిన్న జాకీతో, చెక్క ముక్క అడ్డం పెట్టి, క్రాంకును మెల్లగా పైకి ఆనించి అప్పుడు కొలవాలి.

కొలత కుదిరాక దారం తుడిచి, షెల్లు ముఖానికీ పిన్నుకూ ధారాళంగా నూనె పట్టించి బిగించాలి. బోల్టులు వదులవకుండా పట్టే తాళపు రేకులు కొత్తవి వేసి మడవాలి. ఒక్కో క్యాపు బిగించిన ప్రతిసారీ హ్యాండిల్‌తో ఒక చుట్టు తిప్పి చూడాలి. ఎప్పుడు బిగుసుకుంటే అప్పుడు ఆఖరున వేసిన క్యాపుదే తప్పు. నాలుగూ బిగించాక చూస్తే ఏది పట్టిందో వెతుక్కోవాలి.

మెయిన్ల సంగతి కొంచెం కష్టం. కింది షెల్లు క్యాపుతో పాటే వస్తుంది. పై షెల్లు క్రాంకుకూ బ్లాకుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. క్రాంకు నూనె రంధ్రంలో తల బల్లపరుపుగా ఉన్న చిన్న మెత్తటి పిన్ను పెట్టి, చెవి ఉన్న వైపుకు తిప్పితే ఆ పిన్ను షెల్లును నెట్టుకుంటూ బయటికి తెస్తుంది. కొత్తదీ అదే దారిలో లోపలికి పోతుంది. నడుమ మెయిన్‌కు రెండు వైపులా థ్రస్టు వాషర్లు ఉంటాయి. క్లచ్ తొక్కినప్పుడు క్రాంకు ముందుకు జరగకుండా ఆపేవి అవే. గాడులున్న ముఖం క్రాంకు వైపు ఉండాలి. ముందు, వెనక క్యాపులు గట్టిగా పట్టి ఉంటాయి, వాటి దగ్గరే నూనె కారకుండా ఆపే ప్యాకింగు పని కూడా ఉంటుంది. అలవాటు లేనివాళ్లు నడుమ మెయిన్ షెల్లు విప్పి చూసి, అది బాగుంటే మిగతా రెంటినీ కదపకపోవడం, బాగా లేకపోతే ఇంజన్ దించి చేయించుకోవడం తెలివైన పని.

చాంబరు మూసే ముందు ఆయిల్ పంపు విప్పి లోపలి సందులు ఫీలర్ గేజితో చూడాలి. పాత పంపుతో కొత్త బేరింగులు ఎక్కువ రోజులు బతకవు. జల్లెడ కిరోసిన్‌లో కడగాలి. చాంబరు అడుగున గట్టిపడిన మడ్డిని గీకి తీసేయాలి. ఫిల్టరు కొత్తది.

20డబ్ల్యూ40 నూనె పోశాక వెంటనే స్టార్టు చేయకూడదు. నాలుగు ప్లగ్గులూ తీసి, ఇగ్నిషన్ కాయిల్ వైరు పీకి, ముల్లు గేజి కదిలేదాకా స్టార్టరుతో కొద్దికొద్దిగా తిప్పాలి. నూనె దారులన్నీ నిండాకే ప్లగ్గులు బిగించి స్టార్టు చేయాలి. మొదటి పది నిమిషాలు ఐడిలింగు కన్నా కాస్త ఎక్కువ వేగంలో ఉంచి, చెవి కిందికి పెట్టి, కన్ను గేజి మీద పెట్టి చూడాలి. కాగాక ఐడిలింగు మీద ముల్లు ఎక్కడ నిలిచిందో ముందు రాసుకున్న అంకెతో పోల్చాలి. ఎక్కడా మార్పు లేకపోతే నూనె ఇంకెక్కడో పోతోందని అర్థం. కామ్‌షాఫ్టు బేరింగులు, రిలీఫ్ వాల్వు చూడాలి.

మొదటి 500 కిలోమీటర్లు ఘాటు ఎక్కించకుండా, బరువు లాగించకుండా, ఒకే వేగంలో గంటల తరబడి పోనివ్వకుండా నడపాలి. ఆ తర్వాత నూనె, ఫిల్టరు మార్చి, దించిన నూనెను మళ్లీ తెల్ల గుడ్డ మీద వడకట్టాలి. కొద్దిగా బూడిద మెరుపు కనబడటం మామూలే. రాగి రంగు కనబడితే మాత్రం చాంబరు మళ్లీ దించాలి.